టెక్సాస్‌లో కొన్న పిస్టల్‌ను న్యూజెర్సీకి తీసుకెళ్ళవచ్చా?

ప్రశ్న: మేము పదకొండేళ్ళుగా టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటున్నాము. రెండేళ్ళ కిందట నాకూ నా భార్యకూ గ్రీన్‌కార్డు వచ్చింది. ఆ తర్వాత ఇంటి రక్షణకని ఒక 9 ఎంఎం పిస్టల్ కొన్నాను. ఇప్పుడు ఉద్యోగరీత్యా న్యూజెర్సీలోని ఎడిసన్‌కు మారుతున్నాము. మేము కారులో వెళ్తాము, హెచ్-1బీ మీద ఉన్న మా బావమరిది సామాను ట్రక్కు నడుపుతాడు. పిస్టల్‌ను, 15 తూటాలు పట్టే రెండు మ్యాగజైన్లను, నాలుగు పెట్టెల తూటాలను ట్రక్కులో పెట్టవచ్చా? బావమరిదికి హంటింగ్ లైసెన్సు తీయిస్తే చాలునని ఒక మిత్రుడు అంటున్నాడు. దారిలో టెనెసీలో ఆగినప్పుడు ఇంకో పిస్టల్ కొనుక్కోవచ్చా? జార్జియాలోని మరో స్నేహితుడు తన పాత పిస్టల్‌ను ఊరికే ఇస్తానంటున్నాడు, తీసుకోవచ్చా? సంక్రాంతికి హైదరాబాద్ వెళ్ళే ఆలోచన కూడా ఉంది.

సమాధానం: సామాను ఎక్కించక ముందే అడిగారు, అందుకు సంతోషం. విషయాన్ని నాన్చకుండా ముందే చెబుతాను. ట్రక్కులో పెట్టకూడదు. టెనెసీలో కొని వెంట తీసుకెళ్ళకూడదు. జార్జియా స్నేహితుడి చేతినుంచి నేరుగా పుచ్చుకోకూడదు. మీ సొంత పిస్టల్‌ను మీ కారులో న్యూజెర్సీకి తీసుకెళ్ళడానికి చట్టంలో దారి ఉంది గాని, ఈ ప్రయాణంలో మాత్రం తీసుకెళ్ళవద్దని నా సలహా. ఎందుకో వివరంగా రాస్తాను.

మీరు పిస్టల్ గురించి అడిగారు గాని, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మీ బావమరిది సంగతి. తాత్కాలిక వీసా మీద అమెరికాలోకి వచ్చినవారు తుపాకి గాని తూటా గాని తమ అధీనంలో ఉంచుకోరాదని ఫెడరల్ చట్టం చెబుతోంది. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, విజిటర్ వీసా మీద వచ్చే తల్లిదండ్రులు, అందరూ ఇందులోకే వస్తారు. ఇది టెక్సాస్ చట్టం కాదు, 50 రాష్ట్రాలకూ వర్తించే చట్టం. 2022 జూన్ నుంచి దీనికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ళ జైలు. అధీనంలో ఉంచుకోవడమంటే చేత్తో పట్టుకోవడమొక్కటే కాదు. అక్కడ తుపాకి ఉందని తెలిసి, కావాలనుకుంటే దాన్ని తీసుకోగలిగే స్థితిలో ఉంటే చాలు. తాళంచెవులు తన దగ్గర పెట్టుకుని ట్రక్కు నడిపే మనిషికి వెనకున్న పెట్టెలో ఏముందో మీరు చెబితే, అతణ్ణి నేరంలోకి దింపినట్టే. చెప్పకుండా పెడితే, రోడ్డు మీద పోలీసు ఆపినప్పుడు తనకు తెలియదని నిరూపించుకునే భారాన్ని పాపం అతని నెత్తిన వేసినట్టే. గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళ తరబడి వరుసలో నిలుచున్న వాడి మీద అలాంటి భారం వేయడం న్యాయం కాదు.

హంటింగ్ లైసెన్సు మాట పూర్తిగా అబద్ధం కాదు. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవారికి ఆ నిషేధంనుంచి చట్టమే మినహాయింపు ఇచ్చింది. కానీ ఆ మినహాయింపు లైసెన్సు బతికి ఉన్నంతసేపే. టెక్సాస్‌లో మామూలు వేట లైసెన్సు ఏటా ఆగస్టు 31తో ముగుస్తుంది. ఆ సంగతి మరిచి సెప్టెంబరు 1న నిద్ర లేచిన మనిషి ఇంట్లో నిన్నటిదాకా సక్రమంగా ఉన్న తుపాకి ఆ పొద్దుటికి ఫెడరల్ నేరమై కూర్చుంటుంది. మన కుర్రాళ్ళు చాలామంది తుపాకి కాల్చడం సాధన చేసే రేంజ్‌కు వెళ్ళే సరదాకు ఈ లైసెన్సు తీసుకుంటున్నారు. చట్టబద్ధమే, కాదనను. కానీ ఒక్క ట్రక్కు ప్రయాణం కోసం మీ బావమరిదిని ఆ సన్నని గట్టు మీద నడిపించవలసిన అవసరం మీకు లేదు.

రేంజ్‌లో అద్దె తుపాకి కదా, అది లెక్కలోకి రాదని కూడా కొందరు అంటుంటారు. ఫ్లోరిడాలో చదువుకోవడానికి వచ్చిన ఒక విదేశీ విద్యార్థి, మార్కులు రాక కాలేజీనుంచి తొలగింపబడి, వీసా హోదా కోల్పోయాక రేంజ్‌కు వెళ్ళి తుపాకి అద్దెకు తీసుకుని, తూటాలు కొని, కాల్చి వచ్చాడు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. తన హోదా నిషేధిత వర్గంలో ఉందని నిందితుడికి తెలుసునని కూడా ప్రభుత్వం నిరూపించాలని 2019లో కోర్టు చెప్పింది. ఆ తీర్పు అతనికి ఊరట. కానీ రేంజ్‌లో అద్దెకు పట్టుకున్న తుపాకి కూడా కేసుకు దారి తీసిందన్నది మనవాళ్ళు గుర్తుంచుకోవలసిన మాట.

ఇక కొనుగోలు సంగతి. తుపాకులు రాష్ట్రం దాటే విషయంలో ఇప్పుడున్న నిబంధనలకు పునాది 1968 నాటి గన్ కంట్రోల్ చట్టం. దాని వెనక కథ మీ ఊరికి చాలా దగ్గరిది. అధ్యక్షుడు కెనెడీని హత్య చేసిన రైఫిల్‌ను 1963లో మారుపేరుతో షికాగో దుకాణానికి పోస్టులో ఆర్డర్ పంపి డాలస్ పోస్టాఫీసు పెట్టెకు తెప్పించుకున్నారు. హత్యకు ముందు అది కొన్నాళ్ళు మీ ఇర్వింగ్‌లోనే, ఒక ఇంటి గ్యారేజీలో దుప్పటిలో చుట్టి ఉంది. ఆ హత్యతో మొదలైన చర్చ 1968లో మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెనెడీల హత్యల తర్వాత చట్టమైంది. అప్పటినుంచి మూల సూత్రం ఒకటే: మామూలు పౌరుడు తాను నివసించే రాష్ట్రంలోనే తుపాకి అందుకోవాలి.

పిస్టల్ విషయంలో ఇది మరీ కచ్చితం. వేరే రాష్ట్రంలో మీకు నచ్చిన పిస్టల్ దొరికితే డబ్బు కట్టవచ్చు, కానీ చేతికి తీసుకోకూడదు. అక్కడి లైసెన్సు డీలర్ దాన్ని మీ రాష్ట్రంలోని లైసెన్సు డీలర్‌కు పంపాలి. మీరు మీ రాష్ట్రంలో ఫారం 4473 (తుపాకి కొనేవారు నింపే ఫెడరల్ పత్రం) నింపి, ఎఫ్‌బీఐ నేపథ్య తనిఖీ పూర్తయ్యాక తీసుకోవాలి. రైఫిల్, షాట్‌గన్‌లకు కొంత వెసులుబాటు ఉంది. రెండు రాష్ట్రాల చట్టాలకూ ఒప్పుదల అయితే వేరే రాష్ట్రపు డీలర్ దగ్గర ముఖాముఖి కొనవచ్చు. మీ విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. నివాసం అంటే స్థిరపడాలనే ఉద్దేశంతో ఉండే చోటు అని చట్టం అర్థం. జేబులో టెక్సాస్ డ్రైవింగ్ లైసెన్సు, మనసులో న్యూజెర్సీ పెట్టుకుని టెనెసీ కౌంటర్ ముందు నిలబడి ఫారంలో ఏ చిరునామా రాసినా నిండు నిజం కాదు. ఆ ఫారంలో తెలిసి అబద్ధం రాయడమే వేరొక నేరం.

స్నేహితుడు ఊరికే ఇచ్చినా సూత్రం మారదు. డబ్బు చేతులు మారకపోయినా, వేరే రాష్ట్రంవాడి నుంచి మీ చేతికి తుపాకి వచ్చేది డీలర్ ద్వారానే. వీలునామాతోనో వారసత్వంగానో వచ్చిన తుపాకికి, వేటకో పోటీకో కొద్దిసేపు అరువిచ్చిన దానికి మాత్రం ఫెడరల్ మినహాయింపు ఉంది. ఆ మిత్రుడికి, మీకు ఆప్తులైన ఇతరులకు కూడా ఒక మాట చెప్పండి: కొనడానికి అర్హత లేని వేరొకరి కోసం మన పేరున కొనిపెట్టడం 2022 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం 15 ఏళ్ళ దాకా శిక్ష పడగల నేరం. "మీకు గ్రీన్‌కార్డు ఉంది కదా అన్నా, నా కోసం ఒకటి తీసి పెట్టు" అనే మాట మన పాట్‌లక్‌లలో చాలా తేలిగ్గా వినిపిస్తుంది. దానికి వెంటనే, నవ్వకుండా, కాదనాలి.

ఇప్పుడు న్యూజెర్సీ. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి, 21 ఏళ్ళు నిండి చట్టపరంగా అనర్హత లేనివారు అనుమతి పత్రం లేకుండానే పిస్టల్ వెంట ఉంచుకోవచ్చు. అందువల్ల అక్కడ చాలామందికి రెండు ముందు సీట్ల మధ్యనున్న కన్సోల్‌లో, కప్పు హోల్డర్ల కింది అరలో, టిష్యూ కాగితాల కింద తూటాలు నింపిన పిస్టల్ పెట్టుకోవడం అలవాటైపోయింది. సరిగ్గా అదే పిస్టల్, అదే అర, డెలావేర్ నది దాటి న్యూజెర్సీలో అడుగుపెట్టాక రెండో తరగతి నేరం. అక్కడ అనుమతి లేకుండా చేతి తుపాకి వెంట ఉంచుకుంటే 5 నుంచి 10 ఏళ్ళ శిక్షకు అవకాశం ఉంది. తుపాకి నేరాలకు కనీస శిక్ష విధించే అక్కడి గ్రేవ్స్ చట్టం కింద సాధారణంగా కనీసం 42 నెలలు పెరోల్ లేకుండా గడపాలి. టెక్సాస్ ఇచ్చిన క్యారీ లైసెన్సును (తుపాకి వెంట ఉంచుకునే అనుమతిని) న్యూజెర్సీ గుర్తించదు.

దీన్ని అతిశయోక్తి అనుకోకండి. 2013లో ఫిలడెల్ఫియాకు చెందిన ఒక తల్లి, పెన్సిల్వేనియా క్యారీ లైసెన్సు ఉన్న మనిషి, న్యూజెర్సీలో మామూలు ట్రాఫిక్ తనిఖీకి ఆగినప్పుడు తనంతట తానే నా దగ్గర తుపాకి ఉందని అధికారికి చెప్పింది. అంతకు ముందు ఏ నేర చరిత్రా లేదు. నిజాయితీగా చెప్పిన ఆ మాటతోనే అరెస్టై 40 రోజులకు పైగా జైల్లో ఉండి, మూడున్నరేళ్ళ శిక్ష భయంతో నెలల తరబడి గడిపింది. చివరికి 2015లో గవర్నర్ క్షమాభిక్ష ఇస్తే బయటపడింది. ఆమె అమెరికా పౌరురాలు. మీరూ మీ భార్యా కాదు. గ్రీన్‌కార్డు ఉన్న వ్యక్తికి తుపాకి నేరంలో శిక్ష పడితే దేశంనుంచి పంపివేయడానికి అది ఒక ఆధారమని వలస చట్టంలో విడిగా రాసి ఉంది. పదకొండేళ్ళు కష్టపడి నిలబెట్టుకున్న జీవితం కన్సోల్ అరలోని ఒక అలవాటు వల్ల కూలిపోవడం నేను చూడదలచుకోలేదు.

అక్కడ ఉండే నిబంధనలు కొన్ని తెలుసుకోండి. 10 తూటాలకు మించి పట్టే మ్యాగజైన్లను న్యూజెర్సీ 2018లో నిషేధించింది. మీ రెండూ 15వి, కనుక వాటిని రాష్ట్రంలోకి తేవద్దు. ఆ నిషేధం మీద కోర్టుల్లో కేసులు నడిచిన వార్తలు మీకు కనబడవచ్చు, వాటిని చూసి ధైర్యం చేయవద్దు. కొన గుల్లగా ఉండే హాలో పాయింట్ తూటాలను ఇంట్లో, రేంజ్‌లో, వేటలో తప్ప ఇతరత్రా వెంట ఉంచుకోవడం అక్కడ నేరం. ఇంటి రక్షణకు కొన్నవి కనుక మీ నాలుగు పెట్టెల్లో కొన్ని అవే అయి ఉండవచ్చు, మూత మీద రాసి ఉంటుంది చూడండి. పిస్టల్ తూటాలు కొనాలన్నా, రైఫిల్ కొనాలన్నా అక్కడ పోలీసులు ఇచ్చే కొనుగోలుదారు గుర్తింపు కార్డు కావాలి. పిస్టల్‌కైతే ఒక్కొక్కదానికి విడిగా పర్మిట్ కావాలి. వేలిముద్రలు, పరిచయస్తుల పేర్లు, మానసిక ఆరోగ్య రికార్డుల పరిశీలనకు సమ్మతి, భద్రతా శిక్షణ, ఇవన్నీ అడుగుతారు. 2022లో న్యూజెర్సీ చేసిన చట్టం ప్రకారం, బయటి రాష్ట్రంలో కొన్న చేతి తుపాకితో వచ్చి స్థిరపడేవారు 60 రోజుల్లోపు ఆ కార్డుకు దరఖాస్తు చేసి, తుపాకిని నమోదు చేయించాలి.

మన ఊళ్ళలో ఎన్నికలు రాగానే లైసెన్సు తుపాకులను పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేయడం చూసి పెరిగినవాళ్ళం మనం. ఇక్కడికి వచ్చాక మొదట ఏ రాష్ట్రంలో దిగితే అక్కడి పద్ధతే అమెరికా పద్ధతి అనుకుంటాము. టెక్సాస్‌లో దిగినవాళ్ళకు ఇది మరీ ప్రమాదం.

అందుకే నా సలహా ఇది. పిస్టల్‌ను ఇర్వింగ్‌లోనే లైసెన్సు డీలర్‌కు అమ్మేసి రసీదు పుచ్చుకోండి, లేదా భద్రపరిచే డీలర్ ఎవరైనా ఉంటే అప్పగించండి. ఎడిసన్‌లో దిగి, డ్రైవింగ్ లైసెన్సు మార్చుకుని, స్థానిక పోలీసు శాఖలో కార్డుకూ పర్మిట్‌కూ దరఖాస్తు పెట్టండి. అవి చేతికి వచ్చాక ఇర్వింగ్ డీలర్ నుంచి అక్కడి డీలర్‌కు పంపించుకోండి, లేదా అక్కడే 10 తూటాల మ్యాగజైన్‌తో కొత్తది కొనండి. కొన్ని వందల డాలర్లు పోతాయి, కొన్ని వారాలు ఇంట్లో పిస్టల్ ఉండదు. పోతే పోనివ్వండి. బయలుదేరే ముందు న్యూజెర్సీ తుపాకి చట్టాలు, వలస చట్టాలు రెండూ తెలిసిన న్యాయవాదికి ఒక గంట ఫీజు కట్టి మీ సంగతంతా చెప్పుకోండి. ఆ డబ్బు వృథా కాదు.

అయినా వెంట తీసుకెళ్ళాలనే నిర్ణయానికి వస్తే, పద్ధతి తెలిసి ఉండాలి. 1986 నాటి ఫెడరల్ చట్టంలోని 926ఏ సెక్షన్, బయలుదేరే చోటా చేరే చోటా తుపాకిని చట్టబద్ధంగా ఉంచుకుని వెంట తిప్పుకునే హక్కు ఉన్నవారికి మధ్యలోని రాష్ట్రాలలో రక్షణ ఇస్తుంది. అందులో "వెంట తిప్పుకునే" అనే మాట మీకు అడ్డు రావచ్చు, ఎందుకంటే న్యూజెర్సీలో మీకు ఇంట్లో ఉంచుకునే అవకాశం ఉంది గాని క్యారీ పర్మిట్ లేదు. ఇల్లు మారేటప్పుడు తుపాకి లోడ్ చేయకుండా మూసి కట్టిన పెట్టెలోనో, తాళం వేసిన డిక్కీలోనో తీసుకెళ్ళడానికి న్యూజెర్సీ సొంత చట్టం ఒక మినహాయింపు ఇచ్చింది. మీరు ఎక్కువగా ఆధారపడవలసింది దాని మీదే.

సర్దడం ఇలా. ముందు మ్యాగజైన్ తీసేయండి. అంతటితో ఖాళీ అయిందనుకోవద్దు, గొట్టం వెనక గదిలో ఒక తూటా మిగిలి ఉండవచ్చు. స్లయిడ్ వెనక్కి లాగి, వెలుతురులో లోపలికి చూసి, చిటికెన వేలు పెట్టి కూడా తడమండి. తర్వాత గట్టి పెట్టెలో పెట్టి తాళం వేయండి. తూటాలు వేరే పెట్టెలో ఉండాలి. సెడాన్ కారైతే రెండూ డిక్కీలో. ఒడిస్సీ, సియెన్నా లాంటి వ్యాన్ అయితే విడి డిక్కీ ఉండదు కనుక తాళం వేసిన పెట్టె తప్పనిసరి. గ్లవ్ బాక్సు, కన్సోల్ తాళం వేసినా పనికిరావని ఆ సెక్షన్‌లోనే స్పష్టంగా ఉంది. ఆ కారు స్టీరింగ్ బావమరిది చేతికి ఒక్క మైలు కూడా ఇవ్వవద్దు.

ఇంటర్‌స్టేట్ 30 మీద లిటిల్ రాక్, 40 మీద మెంఫిస్, నాష్‌విల్, నాక్స్‌విల్, తర్వాత 81 మీద వర్జీనియా, వెస్ట్ వర్జీనియా, మేరీలాండ్, పెన్సిల్వేనియా, చివరికి 78 మీద న్యూజెర్సీ. మీ దారి దాదాపు ఇదే అవుతుంది. మేరీలాండ్‌లో 81 పొడవు 12 మైళ్ళే, అక్కడ పెట్రోలు కోసం కూడా ఆగవలసిన పని లేదు. రాత్రి బసలు టెనెసీలో, పెన్సిల్వేనియాలో పెట్టుకోండి. న్యూజెర్సీలోకి వచ్చాక హోటల్, స్నేహితుడి ఇల్లు, గుడి దర్శనం అంటూ ఎక్కడా ఆగకుండా నేరుగా కొత్త ఇంటికే వెళ్ళండి. బస ఎంత పెద్ద తేడా తెస్తుందో యూటా రాష్ట్రవాసి ఒకరి అనుభవం చెబుతుంది. 2005లో ఆయన పెన్సిల్వేనియాకు విమానంలో వెళ్తూ, సక్రమంగా డిక్లేర్ చేసిన పిస్టల్‌తో న్యూజెర్సీలోని నూవర్క్‌లో విమానం అందక చిక్కుకుపోయాడు. సామాను చేతికి తీసుకుని రాత్రి హోటల్లో గడిపి, మర్నాడు మళ్ళీ డిక్లేర్ చేయబోతే అరెస్టు చేశారు. కేసు తర్వాత కొట్టేసినా, హోటల్లో తుపాకి అందుబాటులో ఉంది కనుక 926ఏ రక్షణ వర్తించదని 2010లో ఫెడరల్ అప్పీలు కోర్టు తేల్చింది.

తూటాలను మాత్రం మోయకండి. టెక్సాస్‌లో చవక అని నిలవ చేసుకుని తీసుకెళ్ళడంలో మిగిలేది కొద్ది డాలర్లు. మూవింగ్ కంపెనీలలో చాలా వరకు తూటాలను ముట్టుకోవు. తుపాకిని వారి సామానులో పంపితే ముందే లిఖితపూర్వకంగా తెలియజేయాలి. విమానంలోనైతే ఖాళీ తుపాకిని తాళం వేసిన గట్టి పెట్టెలో చెక్-ఇన్ సామానుగా కౌంటర్ దగ్గర డిక్లేర్ చేసి ఇవ్వాలి. నూవర్క్, న్యూయార్క్ విమానాశ్రయాల గుండా వెళ్ళే ప్రయాణాలకైతే ఆ ఆలోచనే పెట్టుకోకండి.

కొత్త ఇంట్లో పిస్టల్ వచ్చాక, అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వస్తే సేఫ్ నంబరు వారికి చెప్పవద్దు, బావమరిది వారాంతాలకు వస్తే అతనికీ చెప్పవద్దు. పిల్లలకు ఎలాగూ చెప్పరు.

సంక్రాంతి ప్రయాణం గురించి చివరగా. రేంజ్‌కు తీసుకెళ్ళే బ్యాక్‌ప్యాక్‌ను ప్రయాణానికి వాడకండి, దానికోసం వేరే బ్యాగు కొనండి. లైనింగ్ చిరుగులోకి జారిన ఒక్క తూటా భారత విమానాశ్రయంలో ఎక్స్‌రేలో కనబడితే 1959 నాటి ఆయుధాల చట్టం 25వ సెక్షన్ కింద కేసు పెడతారు. తెలియక ఉండిపోయిందని తేలితే హైకోర్టులు అలాంటి కేసులను కొట్టేస్తున్నాయి, నిజమే. కానీ ఆ లోగా సెలవులు, రిటర్న్ టికెట్ అన్నీ పోతాయి. ఆ పాత బ్యాగునే తీసుకెళ్ళక తప్పదనుకుంటే, ముందు రోజు పగటి వెలుతురులో నేల మీద తెల్ల దుప్పటి పరిచి, జిప్పులన్నీ తీసి, బ్యాగును తిరగేసి దులిపి, ప్రతి అరలోనూ అడుగు కుట్టు దాకా వేళ్ళు పెట్టి తడిమి చూడండి.